ఆధునిక రాజ్యం – స్వరూపం, ఆవిర్భావం: హైదరాబాదు సంస్థానం ఆధారంగా ఒక పరిశీలన

మనిషి పుట్టగానే అతని పేరు ఒక రిజిస్టరులో చేరుతుంది. మరణించినప్పుడు మరొక రిజిస్టరులో చేరుతుంది. ఈ రెండు నమోదుల నడుమ అతడు చదివే చదువు, కొనే భూమి, చెల్లించే పన్ను, చేసుకునే వివాహం అన్నీ ఏదో ఒక కాగితం మీదికి ఎక్కవలసినవే. ఆ కాగితంపై ముద్ర వేయగల అధికారానికే రాజ్యమని పేరు. ఇంతగా మన జీవితాన్ని ఆవరించి ఉన్న ఈ వ్యవస్థ అనాదిగా ఉన్నదని సామాన్యంగా మనం భావిస్తాం. కాని నేడు మనమెరిగిన రూపంలో అది ఐరోపాలో నాలుగైదు వందల సంవత్సరాల క్రిందట, తెలంగాణ ప్రాంతంలో సుమారు నూట డెబ్బై సంవత్సరాల క్రిందట రూపుదిద్దుకోసాగింది.

ఆధునిక రాజ్యమనే భవనానికి రెండు అంతస్తులున్నవని మా అభిప్రాయం. మొదటిది పాలనాయంత్రం. రెండవది ఆ యంత్రాన్ని చదివి, ప్రశ్నించి, సమాధానం రాబట్టగల పౌరుడు. మొదటిది నిర్మాణమైనంత మాత్రాన రెండవది దానంతట అది లేవదు. ఈ విషయాన్ని ముందు సిద్ధాంతపరంగా, పిదప హైదరాబాదు సంస్థాన చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం. మన కళాశాలలో పక్కపక్కన వినవచ్చే ఉర్దూ, తెలుగు భాషలు కచేరీ గడప వద్ద కలుసుకొన్నది ఆ సంస్థానంలోనే గనుక ఈ ఉదాహరణను ఎన్నుకొన్నాం.

మాటలు చెప్పే చరిత్ర

రాజ్యం, ప్రభుత్వం, రాష్ట్రం, దేశం అనే మాటలను మనం తరచు ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటాం. రాజనీతి శాస్త్రంలో ఇవి వేరువేరు. ప్రభుత్వం మారుతుంది, రాజ్యం నిలిచి ఉంటుంది. ఎన్నికలలో ఒక మంత్రివర్గం పోయి మరొకటి వచ్చినా, నిన్నటి ప్రభుత్వం చేసిన అప్పును నేటి ప్రభుత్వం తీర్చవలసిందే. ఏలననగా అప్పు చేసింది వ్యక్తులు కాదు, రాజ్యం. ఇక రాష్ట్రం మన దేశంలో సమాఖ్యలోని ఒక అంగం. దానికి సంపూర్ణ సార్వభౌమత్వం లేదు.

ఆయా భాషలలో రాజ్యానికి గల పేర్లను గమనిస్తే ఒక ఆసక్తికరమైన సంగతి తెలుస్తుంది. తెలుగులో 'రాజ్యం' రాజు నుండి పుట్టింది. ఉర్దూలో 'రియాసత్' అనే మాట అధిపతి అని అర్థమిచ్చే 'రయీస్'కు సంబంధించినది. అరబ్బీలోని 'దౌలత్' మొదట వంతు, అదృష్టచక్రపు మలుపు అనే అర్థంలో ఉండి, తరువాత రాజవంశానికీ రాజ్యానికీ పేరయింది; ఉర్దూలో సంపద అనే అర్థంలో స్థిరపడింది. ఇంగ్లీషువారి 'స్టేట్' సైతం లాటిన్‌లో స్థితి అనే అర్థం గల మాట నుండి వచ్చింది. చాలాకాలం అది పాలకుని హోదాను, అతని స్థితిగతులను సూచించింది. ఈ మాటలలో ఎక్కువభాగం వెనుక పాలించే మనిషి నిలిచి ఉన్నాడు. మనిషి తొలగిపోయి పదవి మాత్రమే మిగలడం, పాలకుని నుండి రాజ్యం విడివడడం, ఇదే ఆధునికతకు తొలి గుర్తు.

ప్రాచీనుల భావన

పూర్వులు రాజ్యాన్ని గురించి ఆలోచించలేదని దీని అర్థం కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అనే ఏడు అంగాలను పేర్కొన్నది. 1909లో ఆర్. శామశాస్త్రి మైసూరులో ఈ గ్రంథాన్ని ప్రకటించిన పిమ్మట ప్రాచీన భారత రాజనీతిపై పండితుల దృష్టి ఎంతగానో మారింది. ఈ ఏడు అంగాలలో మొదటిది స్వామి, అనగా రాజు, అన్న విషయం గమనార్హం.

ట్యూనిస్‌లో 1332లో జన్మించిన ఇబ్న్ ఖల్దూన్ 1377లో రచించిన 'ముఖద్దిమా'లో మరొక కోణం చూపాడు. ఒక తెగలోని సంఘీభావం, దానినే ఆయన 'అసబియత్' అన్నాడు, రాజ్యాన్ని స్థాపిస్తుంది. నగర జీవనపు విలాసాలలో ఆ సంఘీభావం సడలుతుంది. మూడు తరాలలో, అనగా సుమారు 120 సంవత్సరాలలో, ఆ వంశం క్షీణించి మరొక తెగకు చోటిస్తుంది. వంశంతో పుట్టి వంశంతో గిట్టే రాజ్యాన్ని గురించి ఇంతకంటె సూక్ష్మమైన పరిశీలన ఆ కాలంలో అరుదు. పాలకుని ఆయువుతో తన ఆయువును ముడిపెట్టుకోని రాజ్యం మాత్రం ఇంకా రావలసి ఉన్నది.

ఐరోపాలో ఆవిర్భావం

రాజ్యం ఎట్లా పుట్టిందన్న ప్రశ్నకు మన పాఠ్యగ్రంథాలు సాధారణంగా నాలుగు సమాధానాలు చెబుతాయి. దేవుడు రాజును నియమించాడన్నది దైవదత్త సిద్ధాంతం. బలవంతుడు బలహీనుని లొంగదీసుకున్నాడన్నది బలప్రయోగ సిద్ధాంతం. ప్రజలు తమలో తాము ఒప్పందం చేసుకున్నారన్నది సామాజిక ఒడంబడిక సిద్ధాంతం. కుటుంబం, మతం, ఆస్తి, యుద్ధం మొదలైన వాటి నుండి క్రమంగా ఎదిగిందన్నది పరిణామ సిద్ధాంతం. ఇవన్నీ రాజ్యం యొక్క సామాన్య పుట్టుకకు సంబంధించినవి. ఆధునిక రాజ్యపు పుట్టుకకు మాత్రం మనకు చరిత్రలోనే ఆధారాలున్నవి.

మధ్యయుగాల ఐరోపాలో ఒకే గ్రామంపై రాజుకు, ప్రభువుకు, మఠానికి వేరువేరు హక్కులుండేవి. ఒకే మనిషి ఇద్దరు ముగ్గురికి విధేయుడై ఉండేవాడు. ఫిరంగి వచ్చిన తరువాత యుద్ధం ఖరీదైపోయింది. పాత కోటగోడలు నిలవలేదు. స్థిర సైన్యాలు అవసరమయినవి. సైన్యానికి జీతమివ్వాలంటే ధనం కావాలి. ధనానికి పన్ను కావాలి. పన్నుకు భూముల లెక్కలు, మనుషుల లెక్కలు కావాలి. లెక్కలకు జీతం పుచ్చుకొని రాసే ఉద్యోగులు కావాలి. ఈ గొలుసులో ఒక్కొక్క కొలికిని పట్టుకొంటూ రాజులు మధ్యవర్తి ప్రభువులను తొలగించి ప్రజలతో నేరుగా సంబంధం పెట్టుకొన్నారు. ఆధునిక కచేరీ చాలావరకు యుద్ధరంగపు బిడ్డ అనడం అతిశయోక్తి కానేరదు.

ఈ మార్పుకు తగిన భావాలు కూడా వెలువడినవి. 1513లో రచించిన, 1532లో అచ్చయిన 'ప్రిన్స్' అనే గ్రంథంలో మాకియవెల్లి రాజ్యాధికారాన్ని మతధర్మం నుండి వేరుచేసి పరిశీలించాడు. 1576లో జాఁ బోదాఁ సార్వభౌమత్వ సిద్ధాంతాన్ని విశదీకరించాడు. ఇంగ్లండులోని అంతర్యుద్ధం నేపథ్యంలో హాబ్స్ 1651లో 'లెవయథాన్' ప్రకటించి, అందరి భద్రత కోసం ఒకే అధికారానికి లోబడవలసిన ఆవశ్యకతను వాదించాడు. ముప్పై ఏండ్ల యుద్ధాన్ని ముగించిన 1648 నాటి వెస్ట్‌ఫేలియా సంధిని సార్వభౌమ రాజ్యవ్యవస్థకు నాందిగా చెప్పడం పరిపాటి. ఈ వ్యవస్థ ఒక్కనాటి సంధితో పుట్టలేదన్న మాట కూడా విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

ఇది మొదటి అంతస్తు. 1789లో ఫ్రెంచి విప్లవం రెండవ దానికి పునాది వేసింది. సార్వభౌమత్వం రాజుది కాదు, జాతిది అని ఆనాటి మానవ హక్కుల ప్రకటన చాటింది. ప్రజ అనేవాడు పౌరుడు కావడం అప్పుడు మొదలయింది.

లక్షణాలు

1933 నాటి మాంటివిడియో ఒడంబడిక రాజ్యానికి నాలుగు లక్షణాలు నిర్ణయించింది: స్థిరమైన జనాభా, నిర్ణీత భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో సంబంధాలు పెట్టుకోగల సామర్థ్యం. ఇది బయటి నుండి చూచే నిర్వచనం. లోపలి నుండి చూచిన నిర్వచనం జర్మన్ శాస్త్రజ్ఞుడు మాక్స్ వెబర్ 1919లో ఇచ్చాడు. ఒక భూభాగంలో న్యాయసమ్మతమైన బలప్రయోగం తనకొక్కదానికే చెల్లునని చెప్పి, ఆ మాట నిలుపుకోగలిగినదే రాజ్యమని ఆయన ఉద్దేశం.

ఈ రెండింటినీ కలిపి చూస్తే ఆధునిక రాజ్యాన్ని గుర్తించడానికి ఐదు ప్రశ్నలు వేయవచ్చు. దండించే అధికారం ఒక్కచోటనే ఉన్నదా? ఉద్యోగి జీతంపై పనిచేస్తున్నాడా, లేక వసూళ్ళలో వాటాపైనా? ఖజానా పాలకుని సొంత పెట్టె నుండి వేరయిందా? ఒకే నియమం అన్ని గ్రామాలకూ వర్తిస్తుందా? ఆ నియమంపై ప్రజలకు మాట చెల్లుతుందా? ఈ ఐదు ప్రశ్నలతో ఇక హైదరాబాదుకు వద్దాం.

సాలార్ జంగ్ కట్టిన యంత్రం

1853లో మీర్ తురాబ్ అలీ ఖాన్, అనగా మొదటి సాలార్ జంగ్, దివానుగా పదవి స్వీకరించాడు. అప్పటికి ఆయన వయస్సు 24 సంవత్సరాలు. ఆ సంవత్సరమే సైన్యపు ఖర్చుల బాకీ క్రింద బీరారు ప్రాంతం బ్రిటిషువారి అధీనంలోకి పోయింది. ఖజానా ఖాళీ. భూమిశిస్తు వసూలు గుత్తకు ఇవ్వబడేది. గుత్త తీసుకొన్న తాలూక్‌దారు సర్కారుకు కట్టవలసినది కట్టి, రైతు నుండి రాబట్టగలిగినంత రాబట్టుకొనేవాడు. అరబ్బు, రోహిల్లా సైనిక జమాదారులు అప్పులిచ్చి భూములను తాకట్టుగా పట్టుకొని, బాకీదారులను తామే నిర్బంధించేవారు. వెబర్ చెప్పిన గుత్తాధికారానికి ఇది సరిగ్గా వ్యతిరేకమైన స్థితి. దండించే శక్తి ఎవరి వాకిట వారికే ఉన్నది.

సాలార్ జంగ్ మూడు దశాబ్దాలపాటు ఈ స్థితిని మార్చడానికి పాటుపడ్డాడు. తాకట్టు భూములను క్రమంగా విడిపించాడు. గుత్త పద్ధతిని తొలగించాడు. 1865లో జిలాబందీ ప్రారంభమయింది; 1867 నాటికి సంస్థానం 5 విభాగాలుగా, 17 జిల్లాలుగా ఏర్పడింది. విభాగానికి సుబేదారు, జిల్లాకు తాలూక్‌దారు, తాలూకాకు తహసీల్దారు జీతంపై నియమితులయ్యారు. 1868లో న్యాయం, రెవిన్యూ, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సదర్-ఉల్-మహాములు వచ్చారు. 1870లలో భూముల సర్వే, బందోబస్తు మొదలయినవి. 1874లో వాడి నుండి హైదరాబాదుకు రైలు నడిచింది. 1883లో సాలార్ జంగ్ మరణించే నాటికి వ్యక్తి మరణించినా ఆగని పాలన ఒకటి ఏర్పడి ఉన్నది.

ఇక్కడ ఒక చిన్న మాట పెద్ద కథ చెబుతుంది. సంస్కరణలకు ముందు తాలూక్‌దారు అంటే శిస్తు గుత్తేదారు. సంస్కరణల తరువాత తాలూక్‌దారు అంటే జీతగాడైన జిల్లా అధికారి. జిల్లా కలెక్టరుకు నిజాం రాజ్యంలో అవ్వల్ తాలూక్‌దార్ అని పేరు. మాట అదే, ఆ మాట వెనుక మనిషి సర్కారుతో పెట్టుకొన్న సంబంధమే మారిపోయింది. వాటాదారు ఉద్యోగి అయినాడు.

యంత్రం వచ్చింది, పౌరుడు రాలేదు

మన ఐదు ప్రశ్నలలో జీతపు ఉద్యోగానికి సంబంధించిన దానికి సంతృప్తికరమైన సమాధానమే దొరికింది. తక్కినవాటికి అరకొర సమాధానాలే.

ఖజానా సంగతి చూద్దాం. దివానీ భూముల ఆదాయం సర్కారుది. సర్ఫ్-ఎ-ఖాస్ భూముల ఆదాయం నిజాం సొంతానిది. జాగీర్లు, పాయెగాలు, సంస్థానాలు వేరు. సుమారు 40 శాతం భూమి దివానీ పాలనకు వెలుపలనే ఉండిపోయింది. పెద్ద జాగీర్లలో సొంత పోలీసు, సొంత న్యాయస్థానాలు ఉండేవి. 1921లో న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుండి వేరుచేయడం ఆ కాలానికి ఎంతో ముందంజ. అయినను గ్రామంలో దేశ్‌ముఖు వాకిట వెట్టి చేసేవానికి ఆ న్యాయస్థానం అందనంత దూరంలోనే ఉండేది. 1893లో ఏర్పడిన శాసన మండలిలో అధికారులూ నియమితులే ఎక్కువ. ఐదవ ప్రశ్నకు, అనగా ప్రజల మాటకు, అక్కడ చోటు లేదు.

భాష విషయంలో ఈ దూరం మరింత స్పష్టం. 1880ల దశకంలో కచేరీ భాషగా పారశీకం స్థానే ఉర్దూ వచ్చింది. దేశభాషలలో ఒకదానికి పాలనాగౌరవం దక్కడం ముందడుగే. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషలో ఉన్నతవిద్య సాధ్యమేనని దేశానికి చూపింది. ఆ ఘనతను ఎవరూ కాదనలేరు. అయితే సంస్థానంలో దాదాపు సగం ప్రజల మాతృభాష తెలుగు. తక్కినవారిలో మరాఠీ, కన్నడం మాట్లాడేవారూ అధికం. తన భూమి వివరం ఏ కాగితంలో ఎట్లా రాయబడిందో చదువుకోలేని రైతు ఆ కాగితం చదవగలిగిన పట్వారీ దయాదాక్షిణ్యాలపై ఆధారపడ్డాడు. దీనికి ఉర్దూ భాషను నిందించడం తగదు. ఏ భాషలో రాసినా, ప్రజకు అర్థం కాని రికార్డు ఆధునికమైన సాధనంతో పాత పెత్తనాన్నే నడిపిస్తుంది. అట్లే, ఉర్దూ మాతృభాషగా గల పేద ముస్లిం చేతివృత్తివాడు సైతం కచేరీ భాష తనదైనంత మాత్రాన కచేరీకి యజమాని కాలేదు.

మరొక వైపు చూస్తే, కుతుబ్‌షాహీల నాటి నుండి జరిగిన ఈ సహవాసం తెలుగుకు ఎంతో ఇచ్చింది. అర్జీ, దరఖాస్తు, ఫిర్యాదు, రసీదు, నకలు, వసూలు, బాకీ, జప్తు, మంజూరు, రద్దు, ఖజానా, జిల్లా: ఇవి లేకుండా తెలుగు రైతు ఈనాటికీ కచేరీలో ఒక్క మాట మాట్లాడలేడు. అంతేకాదు, రాజ్యాన్ని ఎదిరించి అతడు పలికే 'హక్కు' అనే మాట సైతం అరబ్బీ నుండి పారశీక, ఉర్దూల వెంట వచ్చి తెలుగు నేలలో పాతుకొన్నదే.

కూలిన అధికారం, వచ్చిన పౌరసత్వం

1940లలో తెలంగాణ రైతాంగం వెట్టికీ, భూస్వామ్యానికీ ఎదురు తిరిగింది. 1947-48లో రజాకార్లు సాగించిన దౌర్జన్యాలు ఎరుగనివారు లేరు. 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన సైనిక చర్యతో నిజాం పాలన ముగిసింది. ఆ వెంటనే కొన్ని జిల్లాలలో నిరపరాధులైన ముస్లింలపై హింస జరిగింది. దానిని విచారించిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక దీర్ఘకాలం ప్రజల ముందుకు రాలేదు. ఈ రెండు విషాదాలను ఒకదానికి ఒకటి జవాబుగా చెప్పుకోవడం మనకు అలవాటయింది. రాజనీతి విద్యార్థి ఈ రెండింటిలోనూ ఒకే పాఠం చూడాలి. దండించే అధికారం రాజ్యం చేతి నుండి జారి ముఠాల చేతికి పోయినప్పుడు, లేక రాజ్యమే కన్ను మూసుకొన్నప్పుడు, బలయ్యేది ఏ మతంవారైనా వారు రక్షణ లేని ప్రజలు. 1853కు ముందటి జమాదారుల హైదరాబాదు, 1948 నాటి హైదరాబాదు ఈ ఒక్క విషయంలో ఒకదానికొకటి దగ్గర.

1949లో సర్ఫ్-ఎ-ఖాస్ సర్కారు ఖజానాలో కలిసింది, జాగీర్లు రద్దయినవి. 1950 జనవరి 26న భారత రాజ్యాంగం అమలులోకి వచ్చింది. 1952లో సంస్థాన ప్రజలు తొలిసారిగా వయోజన ఓటుహక్కుతో శాసనసభను ఎన్నుకొన్నారు. సాలార్ జంగ్ దివాను అయిన నాటి నుండి ఈ ఎన్నికల వరకు 99 సంవత్సరాలు. మొదటి అంతస్తుకూ రెండవ అంతస్తుకూ నడుమ పట్టిన కాలం అది.

భాషాసమస్యకు రాజ్యాంగం చూపిన మార్గం మనం ప్రత్యేకంగా తెలుసుకోదగినది. 30వ అధికరణం మత, భాషా అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కునిచ్చింది. 350వ అధికరణం ప్రకారం, తనకు కలిగిన బాధను నివేదించుకొనే ఏ మనిషి అయినా కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విజ్ఞప్తి చేసుకోవచ్చు. 1956లో చేరిన 350-ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని చెప్పింది. 2017లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా శాసనం చేసినవి. ఒకనాడు తెలుగు రైతు అర్థం కాని కాగితం పట్టుకొని నిలిచిన చోట నేడు ఉర్దూ మాత్రమే తెలిసిన వృద్ధురాలు తెలుగు కాగితం పట్టుకొని నిలిచే అవకాశం ఉన్నది. ఆనాటి అన్యాయాన్ని అన్యాయమని గుర్తించినవారు ఈనాటి దీనిని కూడా గుర్తించక తప్పదు.

ముగింపు

ఆధునిక రాజ్యం వ్యక్తి నుండి పదవిని, పాలకుని పెట్టె నుండి ఖజానాను, నోటిమాట నుండి రికార్డును వేరుచేసింది. ఇందులో ఒక గొప్ప మేలు ఉన్నది: పదవికి కులం లేదు, మతం లేదు, దానిముందు అందరూ సమానులు కాగలరు. ఒక గొప్ప ప్రమాదమూ ఉన్నది: పదవికి ముఖం లేదు గనుక దానికి దయ కూడా లేకపోవచ్చు. మేలు దక్కి ప్రమాదం తొలగాలంటే, రికార్డును చదవగల ప్రజలు, ప్రజల భాష వినగల ఉద్యోగి, ఈ ఇద్దరూ ఉండాలి.

తెలంగాణ గ్రామాల పాత సేత్వార్లు, అనేక భూమి రికార్డులు ఉర్దూలోనే ఉన్నవి. వాటి మీద నేడు తగవుపడుతున్న రైతులలో అధికసంఖ్యాకులకు ఆ లిపి రాదు. ఈ రెండు భాషలూ చదవగల యువకులు, యువతులు ఒక పట్టా విలువనూ, ఒక కుటుంబపు బతుకునూ నిలబెట్టగలరు. మన విద్యార్థులలో కొందరు రేపు తహసీలు కార్యాలయంలో కుర్చీకి ఆవలివైపు కూర్చుంటారు. ఎక్కువమంది ఈవలివైపు అర్జీ పట్టుకొని నిలుచుంటారు. ఆవలివారు అర్జీదారు భాషలో మాట్లాడడం, ఈవలివారు తమ హక్కును ఏ అధికరణం క్రింద అడుగుతున్నారో తెలిసి అడగడం, ఈ రెండు అలవాట్లను కళాశాలలో ఉండగానే అలవరచుకోవాలని మా మనవి.